కదలని కొంగ చెప్పే కథ

సాయంత్రం హైదరాబాద్‌లోని దుర్గం చెరువు దగ్గర నిలబడితే అందరి చూపూ తీగల వంతెన మీదే ఉంటుంది. 2020లో ఆ వంతెన తెరిచాక దాని దీపాల వెలుగు చూడటానికే జనం వస్తున్నారు. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన ఈ చెరువు రాతిగుట్టల మధ్య దాక్కుని ఉండేది. రహస్య చెరువన్న పేరు అందుకే వచ్చింది. ఇప్పుడు రహస్యమేమీ మిగల్లేదు. ఒడ్డున కదలక మెదలక నిలబడే కొంగ దగ్గర మాత్రం ఇంకా ఒక రహస్యం ఉంది. దాన్ని దక్కన్ సీమ కవి ఒకరు ఎన్నో వందల ఏళ్ల కిందటే పట్టుకున్నారు.

శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతి ప్రాకృత కవితల సంకలనం. కోటి గాథల్లోంచి ఏడు వందలు ఏరినట్టు ఆ గ్రంథమే చెబుతుంది. అందులో మొదట్లోనే ఒక గాథ ఉంది. తామరాకు మీద కొంగ కదలకుండా ఉంది, పచ్చల పళ్లెంలో పెట్టిన శంఖంలా ఉంది, చూడమని ఎవరో ఎవరికో చూపిస్తారు. అంతే. పచ్చదనం మీద తెలుపు, ఒక చక్కని బొమ్మ.

పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ బొమ్మను విప్పి చూపించాడు. కొంగ కదలడం లేదంటే దానికి భయం లేదు. భయం లేదంటే అక్కడ మనుషుల అలికిడి లేదు. మనుషులు రారంటే ఇద్దరు రహస్యంగా కలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మాట్లాడుతున్నది ఒక ప్రియురాలు. ఆమె పిలుస్తోంది, కానీ పిలుపు అన్న మాటే లేదు.

మమ్మటుడు అక్కడితో ఆగలేదు. అదే గాథకు ఇంకో అర్థం కూడా చెప్పాడు. నేను వచ్చి వెళ్లాను, నువ్వే రాలేదని ప్రియుడు బుకాయిస్తున్నాడనుకోండి. అప్పుడు ఆమె కొంగను చూపిస్తోంది: నువ్వు వచ్చి ఉంటే ఇది ఇంత నిశ్చింతగా ఉండేదా? అవే మాటలు ఒకసారి ఆహ్వానం, మరొకసారి నిలదీత.

ఈ పని చేసే పనిముట్లు చాలా చిన్నవి. గాథ ఛందస్సులో మొదటి సగానికి ముప్పై మాత్రలు, రెండో సగానికి ఇరవై ఏడు. మొత్తం యాభై ఏడు మాత్రల్లో కథ చెప్పే చోటు ఉండదు. అందుకే కవి పేర్లు చెప్పడు, ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పడు. ఆ ఖాళీని వినేవాడు నింపుకోవాలి. ఉపమానం కూడా ఊరికే పెట్టింది కాదు. ప్రాణమున్న పక్షిని ప్రాణం లేని శంఖంతో పోల్చడంతో ఆ నిశ్చలత రెట్టింపైంది. తక్కిన అర్థమంతా ఆ నిశ్చలత మీదే నిలబడింది.

తొమ్మిదో శతాబ్దంలో ఆలంకారికుడు ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని, అంటే పైకి చెప్పకుండానే స్ఫురించే అర్థం, అన్నాడు. ధ్వన్యాలోకంలో దానికి ఇచ్చిన తొలి ఉదాహరణ కూడా గాథాసప్తశతిలోదే. గోదావరి ఒడ్డున ఒక స్త్రీ, నిన్ను భయపెట్టే కుక్కను సింహం చంపేసింది, ఇక హాయిగా తిరగవయ్యా అని ఒక భక్తుడికి చెబుతుంది. పైకి ఆహ్వానం, లోపల ‘ఇటు రావద్దు’ అన్న హెచ్చరిక. ఇంత పెద్ద సిద్ధాంతానికి పల్లె గాథలు ఆధారమయ్యాయి.

ఈ సంపదలో మనకూ వాటా ఉంది. భాష ప్రాకృతమే అయినా అత్త, పొట్ట, అద్దం లాంటి తెలుగు మాటల జాడలు అందులో ఉన్నాయని పండితులు చూపించారు. తిరుమల రామచంద్ర ఆ పదాల మీదే ప్రత్యేకంగా పరిశోధించారు. శ్రీనాథుడు యవ్వనంలో ఈ గ్రంథాన్ని తెనిగించానని చెప్పుకున్నాడు గానీ ఆ పుస్తకం మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనువాదం దక్కింది. హాలుడి వంశపు జాడలూ మన నేల మీద ఉన్నాయి. ఐటీ ఉద్యోగులు అద్దెకుండే కొండాపూర్ అందరికీ తెలుసు. అదే పేరున్న మరో ఊరు సంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి, మ్యూజియం కూడా ఉంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అలికిడైతే కొంగ ఎగిరిపోతుందని తెలిసినవాడికే ఈ గాథ తెరుచుకుంటుంది. ఇక్కడ ప్రకృతి అలంకారం కాదు, సాక్ష్యం. కొంగ నడవడి తెలియని పాఠకుడికి నిఘంటువు ఎంత వెతికినా రెండో అర్థం దొరకదు. చెరువులు కుంచించుకుపోతే పక్షులతోపాటు ఇలాంటి కవితలను చదివే కళ్లూ పోతాయి.

రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దుర్గం చెరువు దగ్గర పది నిమిషాలు ఆగండి. కొంగ కనిపిస్తే అడుగు చప్పుడు కాకుండా చూడండి. అది ఎప్పుడు ఎగిరిందో గమనించి, ఇంటికి వెళ్లాక రాళ్లపల్లి వారి పుస్తకం తెరవండి.