సంక్రాంతి వస్తే చెపాక్‌లో మ్యాచ్

ఒకప్పుడు మద్రాసులో సంక్రాంతి క్రికెట్ పండగ కూడా. చెపాక్ మైదానంలో తెల్లవాళ్ల జట్టుకూ భారతీయుల జట్టుకూ జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్ కోసం నగరమంతా ఎదురుచూసేది. 1915-16లో మొదలైన ఆ ఆనవాయితీ 1952 దాకా నిలిచింది. దానికి పునాది వేసినవాడు మన తెలుగువాడే. మైలాపూరులో లజ్ హౌస్‌లో ఉండే దుబాషీల కుటుంబానికి చెందిన మోదవరపు వెంకటమహీపతి నాయుడు. ఊరందరికీ బుచ్చిబాబు.

చెపాక్‌లో తెల్లవాళ్లు పెవిలియన్‌లో భోంచేస్తుంటే మనవాళ్లు చెట్టు కింద తినాల్సి వచ్చేదని చెబుతారు. ఆ అవమానానికి బుచ్చిబాబు ఇచ్చిన జవాబు 1888లో పుట్టిన మద్రాస్ యునైటెడ్ క్లబ్. కుర్రాళ్లను చేరదీసి ఆట నేర్పించాడు. 1908లో, నలభై ఏళ్లకే కన్నుమూశాడు. మరుసటి ఏడాదే ఆయన పేరిట టోర్నమెంట్ మొదలైంది. కోపాన్ని సాధనగా మార్చడమే ఆయన గొప్పతనమని నా నమ్మకం.

ఆ సాధన ఎంతవరకు పండిందో 1934 నవంబర్ 4న తెలిసింది. రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి మ్యాచ్, మద్రాసు మైసూరు జట్ల మధ్య, అదే చెపాక్‌లో. తెల్లవాళ్ల జట్టుకు ఆడే సి.పి. జాన్‌స్టన్ ఇక్కడ మనవాళ్లతో కలిసి మద్రాసుకు సారథి. తొలి బంతి వేసింది ఎం.జె. గోపాలన్. మైసూరు 48, 59, మద్రాసు 130. ఒక్కరోజులోనే ఆట ముగిసిపోయింది. ఎడమచేతి స్పిన్నర్ ఎ.జి. రామ్‌సింగ్ 35 పరుగులకు 11 వికెట్లు తీశాడు.

ఆ అంకెలు నమ్మాలంటే అప్పటి పిచ్ ఎలా ఉండేదో తెలియాలి. ఆ రోజుల్లో పిచ్‌ను కప్పి ఉంచేవారు కాదు. నవంబరంటే మద్రాసుకు వానల నెల. తడిసిన పిచ్ ఎండకు ఆరేటప్పుడు పైన పెచ్చు కడుతుంది, కింద మెత్తగానే ఉంటుంది. అలాంటి నేల మీద స్పిన్ బంతి పట్టు దొరికించుకుంటుంది. ఒకటి గిర్రున తిరుగుతుంది, ఒకటి ఉన్నట్టుండి లేస్తుంది, మరొకటి తిన్నగా జారిపోతుంది. బ్యాట్స్‌మన్ ముందే షాట్ ఆడేస్తే క్యాచ్ ఇచ్చినట్టే. చివరిదాకా బంతిని చూసి, చేతులు వదులుగా ఉంచి, దాన్ని పాదాల దగ్గరే చంపాలి. అది చేతకాకపోతే ముందుకు దూకి, తిరిగేలోపే కొట్టెయ్యాలి. మధ్యలో ఆగితే పోయినట్టే. ఎడమచేతి స్పిన్నర్ బంతి కుడిచేతి వాటం వాళ్లకు బయటికి తిరుగుతుంది, ఎడమచేతి వాళ్లకు లోపలికి వస్తుంది. కనుక జట్టులో ఒక్క ఎడమచేతి బ్యాట్స్‌మన్ ఉన్నా స్పిన్నర్ లెక్క తప్పుతుంది.

బుచ్చిబాబు కొడుకు, కోట వారింటికి దత్తు వెళ్లిన సి. రామస్వామి సరిగ్గా అలాంటి ఎడమచేతి ఆటగాడు, పైగా దూకుడు మనిషి. 1922లో డేవిస్ కప్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడాడు. 1936లో, నలభై దాటాక, మాంచెస్టర్‌లో టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టాడు. 40, 60 చేశాడు. ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండే టెస్టుల్లో 170 పరుగులు, సగటు 56.66. మళ్లీ టెస్టు ఆడలేదు. ఆయనకు ఇరవై అయిదేళ్లున్నప్పుడు భారత్‌కు టెస్టు హోదా లేదు. ఆ లోటు తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ప్రెసిడెన్సీ మ్యాచ్ స్వాతంత్ర్యం వచ్చాక మెల్లగా ఆగిపోయింది, ఆగిపోవాల్సిందే. బుచ్చిబాబు టోర్నమెంట్ మాత్రం కొంతకాలం మూతపడి 2023లో మళ్లీ మొదలైంది. వేరే రాష్ట్రాల జట్లు కూడా రంజీ సీజన్‌కు ముందు తమిళనాడు వచ్చి, రోజుల తరబడి సాగే ఆ మ్యాచ్‌లలో తమ కుర్రాళ్లను పరీక్షించుకుంటున్నాయి.