‘వాక్యం’ అన్న మాట: క్రైస్తవుల గ్రంథ విశ్వాసంపై ఒక పరిశీలన

కడప, జమ్మలమడుగు, నంద్యాల ప్రాంతాల క్రైస్తవులు ఆదివారం ఆరాధనలో ‘వాక్యం వింటారు’. పాస్టరు చేసే ప్రసంగం వాక్యం. చేతిలో ఉన్న బైబిలు కూడా వాక్యమే. అదే బైబిలులో యోహాను సువార్త తెరిస్తే, మొట్టమొదట కనిపించే ‘వాక్యము’ ప్రసంగమూ కాదు, పుస్తకమూ కాదు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం). మూడింటికీ తెలుగులో ఒకే మాట స్థిరపడింది. క్రైస్తవ విశ్వాసానికి గ్రంథమే పునాది అనే వాదాన్ని పరిశీలించదలచినవారు ముందుగా ఈ మాట దగ్గర ఆగాలి.

తెలుగు బైబిలు చరిత్ర రాయలసీమలో మొదలైనది కాదు. జర్మన్ మిషనరీ షుల్జ్ మద్రాసులో 1732 నాటికి రెండు నిబంధనలనూ తెలుగు చేశాడు. అవి అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో అనువదించిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. 1818లో సేరంపూరు నుంచి ఒక కొత్త నిబంధన, మద్రాసు నుంచి మరొకటి వెలువడ్డాయి. సంపూర్ణ బైబిలు 1854లో గాని రాలేదు. లండన్ మిషన్ కడపలో పని ప్రారంభించింది 1822లో. అంటే పూర్తి గ్రంథం చేతికి రాకమునుపే ఇక్కడ సంఘం పుట్టింది. ఆ పిమ్మట ఈ రెండు జిల్లాల పల్లెలలో క్రైస్తవంలో చేరిన మాల, మాదిగ కుటుంబాలలో అత్యధికులకు చదువు లేదు; వారిని చదువుకోనివ్వలేదు అనడం న్యాయం. ఉపదేశి నోట, కీర్తనలలో, చెవులతోనే వారు గ్రంథాన్ని అందుకున్నారు. ‘వాక్యం వినడం’ అన్న పలుకుబడిలో ఆ చరిత్ర అంతా ఉంది.

1854వ సంవత్సరం మరో కారణానికి కూడా గుర్తుంచుకోదగ్గది. ఆ ఏప్రిల్‌లోనే ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీకీ, మిషనరీ ఫాండర్‌కూ ప్రసిద్ధమైన మునాజరా జరిగింది. బైబిలు ప్రతులలో కొన్నిచోట్ల పాఠభేదాలున్నాయని ఫాండర్ ఒప్పుకున్నాడు. అయినా సారాంశం చెడలేదన్నాడు. కొన్నిచోట్ల మారిన గ్రంథం ప్రమాణం కాజాలదన్నారు మౌలానా. ఆయన ‘ఇజ్‌హారుల్ హఖ్’ చూపిన బాటలోనే తరువాతి ముస్లిం రచయితలు అనేకులు నడిచారు. ఆ వాదం బలమైనదే. అయితే ఇరుపక్షాలూ ‘దైవగ్రంథం’ అన్న మాటను ఒకే అర్థంలో వాడలేదన్న సంగతి ఆ వేడిలో మరుగున పడింది.

ఇంతకు పోలిక కడపలోనే దొరుకుతుంది. మతబోధకుని కుమారుడైన సి.పి. బ్రౌన్ 1820లో ఈ జిల్లాకు వచ్చాడు. తరువాత ఇక్కడే బంగళా కొని, స్వంత ఖర్చుతో పండితులను పెట్టి, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూపించాడు. ప్రతులు ఒకదానితో ఒకటి కలియకపోయినంత మాత్రాన కావ్యం నశించిందని ఆయన అనుకోలేదు. ఫాండర్ వాదన ధోరణి కూడా ఇంచుమించు అదే. కాని వేమన పద్యంలో ఒక మాట అటుయిటు అయితే ఎవరి పరలోకమూ చెడదు. దైవవాణి విషయంలో ముస్లిం అడిగేది సనదు: ఎవరు విన్నారు, ఎవరు కంఠస్థం చేశారు, ఎవరికి అప్పగించారు? ఈ ప్రశ్న మొండితనం కాదు.

కాగా, ఖుర్ఆన్‌కు బైబిలును జోడీగా నిలపడంలో ఒక పొరపాటున్నది. ముస్లిముకు అవతరించినది గ్రంథం. ప్రవక్త దానిని అందజేసినవారు. క్రైస్తవునికి అవతరించినది వ్యక్తి. గ్రంథం ఆయనను గురించిన సాక్ష్యం. అందుకే సువార్తలు నాలుగున్నా, వాటికి మనుషుల పేర్లున్నా అతడు తొట్రుపడడు. ఈసాపై అవతరించిన ఇంజీల్ ఏదని ముస్లిం అడిగితే ఆ ప్రశ్నే అతనికి అర్థం కాదు. అందుకే కైరానవీ బాణం కోట గోడకు తగిలింది గాని లోపలికి చేరలేదు.

అంతమాత్రాన క్రైస్తవ పండితులు నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. పునాది వ్యక్తియే అయితే, ఆ వ్యక్తిని గురించి తెలిపేది ఆ పుస్తకమే కదా! సాక్ష్యం మీద ఆధారపడినవాడు సాక్షిని పరీక్షించక తప్పదు. ప్రసంగాన్నీ, పుస్తకాన్నీ, ప్రభువునూ ఒకే ‘వాక్యం’ అనడం అలవాటైన చోట ఈ పరీక్ష మరీ కష్టం. పాస్టరు మాటను ప్రశ్నించినవాడు దేవునినే ప్రశ్నించినట్లవుతుంది.

చర్చ సాగవలసింది ఈసా ఎవరన్న దగ్గర. అక్కడ ఖుర్ఆన్ మౌనంగా లేదు. ఆలి ఇమ్రాన్ 45వ ఆయతులో, నిసా 171వ ఆయతులో ఆయనను అల్లాహ్ ‘కలిమ’గా పేర్కొన్నది. అనేక ముఫస్సిర్లు దానిని ‘కున్’ అన్న ఆజ్ఞగా వివరించారు: తండ్రి లేకుండా, ఆజ్ఞ చేత పుట్టినవారు. ఈ ‘కలిమ’ను ‘వాక్యం’ అని తెలుగు చేస్తే, జమ్మలమడుగు చర్చిలో పెరిగిన చదువరికి వెంటనే యోహాను సువార్త స్ఫురిస్తుంది. సృష్టికి ముందే ఉన్న దైవస్వరూపం అతని మనసులో మెదులుతుంది. ‘ఆజ్ఞ’ అంటే ఆ భ్రమ తొలగుతుంది గాని, మూలంలోని మాట చేజారి వ్యాఖ్యానమే మిగులుతుంది. ‘వాక్కు’ అన్నది కొంత మేలు. దానికి చర్చి వాసన తక్కువ, అరబీ మూలానికి దగ్గర. అయినా దాని కింద రెండు పంక్తుల వివరణ లేకుండా అచ్చు వేయడం ఉచితం కాదు.