ఖాతా పుస్తకంలో పేరు లేని మనిషి

కాలేజీ బిల్డింగుల లెక్కలు ఎవరూ చదవరు. ఇటుకలకెంత, కలపకెంత, కూలికెంత – ఇందులో చరిత్రేముందని అనుకుంటారు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ 2006లో వెలువరించిన బానిసత్వం, న్యాయం రిపోర్టు చదివితే ఆ ధీమా పోతుంది. ఆ రిపోర్టు ఎక్కడ ఆగిపోయిందో కూడా తెలుస్తుంది.

ఈ కాలేజీకి 1764లో చార్టరు వచ్చింది. అదే ఏడు, దానికి పెద్ద దిక్కైన బ్రౌన్ సోదరులు నలుగురూ 'సాలీ' అనే ఓడను బానిసల కోసం ఆఫ్రికాకు పంపారు. 196 మందిని కొంటే కనీసం 109 మంది చనిపోయారు. ఓడ లెక్కలు మిగిలాయి గనుక రిపోర్టు ఈ కథను వివరంగానే చెప్పింది.

1770లో ప్రావిడెన్స్ గుట్ట మీద తొలి భవనం లేచింది. ఇవాళ్టి యూనివర్సిటీ హాల్ అదే. కలపలో కొంత బానిస వ్యాపారం చేసే లోపెజ్ కంపెనీ ఇచ్చింది. కట్టుబడి లెక్కల్లో బానిసలు కనిపిస్తారు. ఒకతని పేరు పీరో. ఇంకొకతనికి పేరే లేదు, 'మేరీ యంగ్ గారి నీగ్రో మనిషి' అంతే. ఈ మాటతీరు మనకు కొత్తా? 'రెడ్డిగారి పాలేరు', 'కరణంగారి జీతగాడు' అని మన తాతల్ని పిలిచింది ఇట్లనే కదా. జీతగాడు అనటమే గానీ జీతం ఎంతమంది కళ్లజూశారు?

అసలు సంగతి ఇంకొకటుంది. కొందరు యజమానులు తమ బానిసల పనిదినాలనే కాలేజీకి విరాళంగా ఇచ్చారు. చెమట ఒకడిది, దాత ఇంకొకడు. రిపోర్టు ఈ విషయాన్ని దాచలేదు. కానీ దీనికిచ్చిన చోటు కొద్ది వాక్యాలే. బానిసల్ని 1773లో విడిచిపెట్టిన మోజెస్‌కూ, వ్యాపారాన్ని సమర్థించిన జాన్‌కూ మధ్య తగువుకు మాత్రం బోలెడు పేజీలు. మంచి యజమాని, చెడ్డ యజమాని! మన సంస్కరణోద్యమ చరిత్రలూ ఇదే పద్ధతిలో రాశారు. అగ్రకులపు ఉదారుడికీ ఛాందసుడికీ జరిగిన వాదమే చరిత్ర, మాల మాదిగలు ఆ వాదానికి విషయం మాత్రమే.

ఆ కమిటీని 2003లో వేసింది రూత్ సిమన్స్, బానిసల మునిమనవరాలు. ఆమె ఆ కుర్చీలో లేకపోతే ఈ ఖాతాల్ని ఎవరన్నా విప్పేవారా అనేది నా అనుమానం. రిపోర్టు తర్వాత 2014లో స్మారకం కట్టారు. ప్రావిడెన్స్ పిల్లల చదువుకని 2007లో ప్రకటించిన కోటి డాలర్ల నిధి పూర్తయ్యేసరికి 2020 వచ్చింది. వారసులకు పరిహారం అన్న సిఫారసు రిపోర్టులోనే లేదు.

అమెరికా బానిసలతో మన పోలిక అరువు తెచ్చుకున్నది కాదు. ఫూలే 1873లోనే 'గులాంగిరి'ని బానిసత్వ నిర్మూలనకు పూనుకున్న అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. మనం చెయ్యని పని ఒకటుంది. మన కాలేజీల దస్తావేజులు అడగటం. శిలాఫలకం మీది దాత పేరు అందరికీ కంఠతా వచ్చు. ఆ దానపత్రంలోని భూమిని అంతకుముందు దున్నిందెవరు, ఏ వాడను లేపి కాంపౌండు గోడ కట్టారు, మస్టర్ రోల్‌లో వేలిముద్రలు ఎవరివి? ఆ కాగితాలు ఆఫీసు బీరువాల్లో చెదలు పడుతున్నాయి. మన పిల్లలిప్పుడు ఆ కాలేజీల్లోనే రీసెర్చి చేస్తున్నారు, బీరువా తాళం అడగొచ్చు.