మారు మాట్లాడని దూత

రాబర్ట్ బ్రౌనింగ్ ‘మై లాస్ట్ డచెస్’ మన ఇంగ్లిష్ ఎం.ఏ. విద్యార్థులు తరచూ చదివే కవిత. 1842లో ‘డ్రమాటిక్ లిరిక్స్’ సంపుటిలో వచ్చింది. మొత్తం 56 పాదాలు. అన్నింటిలోనూ ఫెరారా డ్యూక్ ఒక్కడిదే గొంతు. గోడమీది చిత్రానికున్న తెర తొలగించి పోయిన భార్యను చూపిస్తాడు. పొద్దుగుంకడం చూసినా, ఎవరో చెర్రీ కొమ్మ తుంచి తెచ్చినా, తెల్ల కంచరగాడిదనెక్కి తిరిగినా ఆమెకు ఒకే సంతోషమట. 900 ఏళ్ల వంశం పేరిచ్చిన తనకూ అంతేనా విలువ అని డ్యూక్ కడుపుమంట. చివరికి ఏదో హుకుం జారీ చేశాడు. ఆమె కథ అక్కడితో సరి.

హంతకుడు, అహంకారి అని తేల్చేసి చాలామంది పుస్తకం మూసేస్తారు. ఆ తీర్పులో తప్పు లేదు గానీ, కవిత సగమే చదివినట్టు. ఇదంతా వింటున్నది ఎవరు?

పెళ్లి సంబంధం మాట్లాడటానికి ఒక కౌంట్ పంపిన దూత. కట్నం ప్రస్తావన కూడా ఈ మాటల్లోనే దొర్లిపోతుంది. కొత్త సంబంధం మాట్లాడుకునే వేళ పాత భార్య గతి ఎందుకు చెప్పినట్టు? నోరు జారాడని కొందరంటారు. ఆ చిత్రం మీది తెరను ఇంకొకరి చేత ముట్టనివ్వని మనిషి అంత సులువుగా నోరు జారతాడా? రాబోయే భార్యకు ముందే పంపుతున్న హెచ్చరిక అనుకుంటేనే ప్రతి మాటా అతుకుతుంది.

అంత తెలిసీ అతని మాట ఆపాలనిపించదు. పాఠకుడు తీర్పును కాసేపు పక్కనపెట్టి డ్యూక్ వెంటే నడుస్తాడని విమర్శకుడు రాబర్ట్ లాంగ్‌బామ్ 1957లోనే రాశాడు.

వినేవాణ్ని పట్టుకోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. క్షేత్రయ్య పదం పట్టిన నర్తకి ముందు తేల్చుకునేది అదే: నాయిక ఎదుట ఉన్నది మువ్వగోపాలుడా, చెలికత్తా? ఒకే మాట అతనితో అంటే ఎత్తిపొడుపు, చెలితో అంటే మొర. అది తేలకుండా చూపు ఎటూ నిలవదు.

క్లాసులో ఈ కవిత చదివించేటప్పుడు ఒక విద్యార్థిని దూతగా నిలబెట్టాలి. డ్యూక్ కూర్చోమన్నప్పుడు కూర్చోవాలి, లేవమన్నప్పుడు లేవాలి. కిందికి కలిసే వెళదామని డ్యూక్ అనే చోట, దూత అప్పటికి వెనక్కి తగ్గాడా, ముందుకు తప్పుకోబోయాడా అన్నది ఆ విద్యార్థే తేల్చుకోవాలి. ఆ వెంటనే డ్యూక్ నెప్ట్యూన్ కంచుబొమ్మను చూపిస్తే మెచ్చుకోలుగా తలాడించాలా, మెట్లవైపు చూడాలా అన్నది కూడా.