చెట్టు నరికినవాడు, చెట్టు పోగొట్టుకున్నవాళ్లు

జాన్ వాలియంట్ రాసిన ‘ది గోల్డెన్ స్ప్రూస్’ 2005లో వెలువడి, ఆ ఏడాదే కెనడా గవర్నర్ జనరల్ పురస్కారం పొందింది. ఇది కల్పన కాదు, జరిగిన సంగతి. కెనడా పడమటి తీరానికి ఆవల ఉన్న హైడా గ్వాయీ దీవుల్లో, యాకూన్ నది ఒడ్డున ఒక స్ప్రూస్ చెట్టుండేది. వయస్సు దాదాపు 300 ఏళ్లు. చుట్టూ అడవి అంతా పచ్చగా ఉంటే ఇదొక్కటే బంగారు రంగులో మెరిసేది. 1997 జనవరిలో గ్రాంట్ హాడ్విన్ అనే అతను రాత్రివేళ చలినీళ్లలో ఈది వెళ్లి, దాని మొదలు రంపంతో కోసి వచ్చేశాడు. రెండు రోజులకు అది కూలిపోయింది.

హాడ్విన్ ఒకప్పుడు కలప కంపెనీల కోసం అడవుల్లో దారులు గుర్తించిన నిపుణుడు. తర్వాత నరికివేతకు బద్ధశత్రువయ్యాడు. కొండలు బోడి చేసి, ఒక్క వింతచెట్టును మిగిల్చి మురిసిపోతారా అన్నది అతని కోపం. ఆ కోపంలో న్యాయముంది. కాని ఆ చెట్టు హైడా జాతి వారికి వింత కాదు, మనవడు. ఊరు నాశనమైనప్పుడు తాతతో పారిపోతూ, వద్దన్నా వెనక్కి తిరిగి చూసి చెట్టయిపోయిన పిల్లవాడని వాళ్ల కథ.

హాడ్విన్ మీద మోపిన నేరాలు రెండు: ఆస్తి నష్టం, అక్రమంగా కలప నరకడం. కలప అడితీలకు అప్పులిచ్చేటప్పుడు నేను చూసేదీ ఘనపుటడుగులే. మనవణ్ణి రాసుకునే పద్దు ఏ ఖాతాలోనూ లేదు. విచారణకని పడవలో బయలుదేరిన హాడ్విన్ మళ్లీ కనిపించలేదు. ఆ పద్దు తేలనే లేదు.

రచయితలో నాకు నచ్చింది, చెట్లు నరికేవాళ్లను రాక్షసులుగా చూపకపోవడం. ప్రాణాలకు తెగించి చేసే ఆ పనిలోని నేర్పును, దాని మీద వాళ్లకున్న గర్వాన్ని గౌరవంగా రాశాడు. అడవి కోసం 1985లో అరెస్టయిన హైడా పెద్దలున్నట్టే, నరికే కూలికి వెళ్లిన హైడాలూ ఉన్నారు. ఒకరికి రంపం అన్నం పెట్టింది, ఒకరికి అడవి పేరు పెట్టింది. కొందరికి రెండూ.

లోపం కూడా చెప్పాలి. పుస్తకంలో నరికినవాడి మనస్సుకు దక్కినన్ని పేజీలు పోగొట్టుకున్నవాళ్ల దుఃఖానికి దక్కలేదు. హైడాల చరిత్ర వివరంగానే ఉంది. వాళ్ల ఇవాళ్టి మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

పుస్తకం వచ్చాక చాలా జరిగింది. క్వీన్ షార్లట్ దీవులన్న పేరు పోయి, 2010లో హైడా గ్వాయీ అన్న పేరు అధికారికంగా తిరిగి వచ్చింది. 2024లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఆ నేల మీద హైడాల హక్కును ఒప్పుకుంది. ఇంట్లో ఒక భాష, వీధి బోర్డు మీద మరొక భాషగా బతికే మనకు, సొంత పేరు తిరిగి రావడం ఎంత పెద్ద సంగతో ఒకరు చెప్పాలా? అది మనసులో పెట్టుకుని ఈ పుస్తకం చదవండి.