భవంతి విలాపం

పాలమూరు పడమటిగాలి పలవరించే పల్లెల్లో, నల్లగొండ గుట్టల నీలినీడల్లో, నాలుగు దిక్కులా వాలిన గూనపెంకుల కప్పు కింద, నట్టనడుమ నింగికి ద్వారం తెరిచి, వానధారకూ వెన్నెలవెల్లువకూ ఒకే ఆదరంతో ఆతిథ్యమిచ్చిన దారుమందిరమా! ఏ అరణ్యగర్భంలోనో ఏపుగా ఎదిగిన టేకు నీకు స్తంభమై నిలిచింది. ఏ అజ్ఞాతశిల్పి ఉలి అంచునో లతలై, చిలుకలై, పద్మపత్రాలై నీ దర్వాజ మీద వసంతం శాశ్వతంగా వికసించింది. పసుపు పూసిన కడప, దీపం వెలిగిన గూడు, ధాన్యం దాచిన అర్ర, డంగుసున్నపు గచ్చు చల్లదనం, తరతరాల తలలు ఆనగా నునుపెక్కిన స్తంభం: ఇన్ని వైభవాల నిన్ను ఏ మాటలతో సాగనంపను?

కొన్నవాళ్లే కూల్చిరి గదమ్మా, ఓ భవంతీ!

కొడుకులు పట్నవాసులైరి, కోడండ్లు కాంక్రీటు కలలు కనిరి, అన్నదమ్ముల పంపకంలో అర్రకొకరు, అరుగుకొకరు హక్కుదారులైరి. కారిన పెంకును మార్చే చేయి లేక, చెదలు తొలిచిన దూలాన్ని చూసే చూపు లేక, వానకు వానకూ నీ మట్టిగోడ కరిగి కరిగి కన్నీరైంది. అప్పుడొచ్చాడు కొనేవాడు. నీ వాకిట్లో కూర్చోలేదు, నీ గూటిలో దీపం పెట్టలేదు. నీ స్తంభాన్ని వేళ్లతో తట్టి, నీ దంతెలను టేపుతో కొలిచి, ఘనపుటడుగుల గణితంలో నీ గతమంతా గుణించాడు. దర్వాజకొక ధర, దూలానికొక ధర. నీ మట్టికి, నీ మమతకు, నీ మౌనానికి సున్న. అవయవాలుగా విడివడి, హైదరాబాదు విందుశాలల గోడలకు అలంకారమై, ఎవరి జ్ఞాపకమో తెలియని చూపుల ముందు నిలబడ్డావు.

కొన్నవాళ్లే కూల్చిరి గదమ్మా, ఓ భవంతీ!

రాజులదైతే రక్షణ దొరికేది: వనపర్తి సంస్థానపు ప్రాసాదం 1959లో పాలిటెక్నిక్ కళాశాలై, విద్యార్థుల కోలాహలంతో కొత్త ఊపిరి పోసుకుంది. ప్రదర్శనశాలకు చేరితే సందర్శకులు దొరికేవారు: ఇక్కత్ నేతకు పేరుగాంచిన కొయ్యలగూడెం నేతన్న ఇల్లొకటి చెన్నై చెంత దక్షిణచిత్ర మ్యూజియంలో ప్రదర్శనగా వెలిసింది. సామాన్యుల సౌధానివి, సంసారాల సాక్షివి, నీకు సింహాసనమూ లేదు, సందర్శకులూ లేరు. సముద్రాల ఆవల క్యోటో నగరంలో 1950కి ముందు కట్టిన మాచియాలనే దారుగృహాలు అక్కడా అనుదినం కూలుతున్నా, కొందరు వాటిని కాపురానికే కొంటారు; కుళ్లిన స్తంభపాదాన్ని మాత్రమే కోసి, కొత్తకర్రను కీలుకు కీలుగా అతికి, పాతప్రాణాన్ని పైకెత్తి నిలుపుతారు. ఆ కరుణ, ఆ కౌశలం, ఆ ఓర్పు నీకెందుకు అందలేదమ్మా? మన వడ్రంగి ఉలికి ఆ విద్య అసాధ్యమా? అడిగినవారేరీ?

కొన్నవాళ్లే కూల్చిరి గదమ్మా, ఓ భవంతీ!

ఇంకా నిలిచివున్న తోబుట్టువులున్నారు నీకు, నారాయణపేట వీధుల్లో, దేవరకొండ దారుల్లో, గద్వాల గల్లీల్లో, రంపం రాకముందే రక్షకుడు రావాలని ఎదురుచూస్తూ. వారి పేరున వేడుకుంటున్నాను: అమ్మబోయే అన్నదమ్ములారా, అడిగినవాడు కర్రను అడిగితే కాదనండి, కాపురాన్ని అడిగితే కొంత తగ్గించైనా ఇవ్వండి. కొనబోయే కలవారలారా, ఒక్క పెంకు మార్చండి, ఒక్క దూలం నిలపండి, ఒక్క సాయంత్రమైనా దీపం పెట్టండి. స్తంభానికి వెల ఎవరైనా కట్టగలరు. ఇంటికి విలువ కట్టగలిగేది అందులో బతకడానికి వచ్చినవారే.