అరటిపువ్వుకు పక్క వెలుగు

కోనసీమ అనగానే కెమెరాలన్నీ కాలవగట్టుకే పోతాయి. ఒంగిన కొబ్బరిచెట్టు, పడవ, ఈమధ్య డ్రోన్ ఎగరేసి తీసిన గోదావరి పాయలు. ఆ చెట్టు కాసిన కాయనీ, దాని పక్కన వేలాడే అరటిపువ్వునీ మనిషి ముఖం తీసినంత శ్రద్ధగా తీసేవాళ్లు మాత్రం తక్కువ. బయట ఇది బాగా గౌరవమున్న విద్య. తోటలకీ మొక్కలకీ ప్రత్యేకించి బ్రిటన్‌లో 2007 నుంచి ఏటా అంతర్జాతీయ ఫొటో పోటీ జరుగుతోంది.

మనకిది కొత్త అనుకోనక్కర్లేదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోట చేరి, 1793లో కలకత్తా వెళ్లేదాకా అక్కడే తోట వేసి మిరియాలు, కాఫీ పెంచాడు. స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1787 ఉప్పెనలో ఇంజరంలో తన పుస్తకాలూ సేకరణా నీళ్లపాలైతే మళ్లీ మొదలుపెట్టాడు. ఆ బొమ్మల్లోంచి ఏరినవే 1795 – 1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 రంగుల పలకలతో వచ్చాయి. మోదుగ ఉంది, తాడి ఉంది, వాటి తెలుగు పేర్లూ ఉన్నాయి. బొమ్మలు వేసినవాళ్ల పేర్లే లేవు.

వాళ్ల పద్ధతి చూడండి. వెనక ఖాళీ కాగితం. కొమ్మ, ఆకు, పువ్వు, కోసిన కాయ, గింజ అన్నీ ఒకే పలకమీద. నీడలు మితంగా. కెమెరా వచ్చాక జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ చేసిందీ ఇంచుమించు అదే: సాదా నేపథ్యంమీద మొగ్గల్నీ తీగల్నీ ఎన్నో రెట్లు పెద్దవి చేసి తీశాడు. ఆయన పుస్తకం 1928లో వచ్చింది. అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక బెంగళూరు మిరపకాయని రేకు గరాటులో కూర్చోబెట్టి తీసిన ఫొటో ఈరోజుకీ పాఠంలా చూపిస్తారు. గరాటు లోపలి నున్నటి వంపు వెలుగుని కాయ చుట్టూ తిప్పింది. అంతే రహస్యం.

మన దగ్గర ఇబ్బంది వెలుగుతోనే. కొబ్బరితోటలో మధ్యాహ్నం ఎండ మట్టల సందుల్లోంచి చారలుగా పడి కాయని ముక్కలు చేస్తుంది. పల్చటి తెల్ల పంచె ఒకటి పైన కట్టండి, చారలు కరిగిపోతాయి. తెల్లారగట్ల గాలి లేవకముందు పని ముగించుకుంటే ఇంకా మేలు. గాలి మొదలైతే ఆకు నిలవదు. ఇంట్లో అయితే ఉత్తరం కిటికీ, వెనక నల్లగుడ్డ, నీడవైపు ఒక తెల్ల అట్ట చాలు. ఖరీదైన లైట్లు కొనమని చెప్పేవాళ్లని నేను నమ్మను.

అరటిపువ్వునే తీసుకోండి. ఊదారంగు డొప్ప పైకి లేచినప్పుడు కింద చిన్న పువ్వులు వరసగా కనిపిస్తాయి. డొప్పమీద సన్నటి బూడిదలాంటి పొర ఉంటుంది. వేలు తగిలితే మచ్చ పడుతుంది, పోయిన పొర మళ్లీ రాదు. కాబట్టి కాడ పట్టుకునే తిప్పాలి. వెలుగు ఎదురుగా వస్తే ఆ పొర కనబడదు, పక్కనుంచి వాలుగా రావాలి. ఎపర్చర్ ఎఫ్/11 పెట్టినా దగ్గరనుంచి తీస్తే వెనక పువ్వులు మసకబారతాయి. అందుకే స్టాండ్‌మీద కెమెరా కదలకుండా ఫోకస్ కొంచెం కొంచెంగా జరుపుతూ వరసగా తీసి, కంప్యూటర్‌లో కలుపుతారు.

కోసిన కాయలకి తొందర ఎక్కువ. అరటి ముక్క నల్లబడకుండా నిమ్మరసం రాయాలి. పనసకి కత్తికీ చేతికీ నూనె రాసుకోకపోతే జిగురుతో ఆ పూట గోవిందా.

ఇదంతా అందం కోసమేనా అంటే, రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్లి చూడండి. బొంతకాయకి గట్లు తేలి ఉంటాయి, కర్పూర చక్కెరకేళికి చివర ముక్కు ఉంటుంది. ఎదురు ఫ్లాష్ కొడితే గట్లు చదునైపోతాయి, పక్క వెలుగులో రకం ఇట్టే తెలిసిపోతుంది. కొబ్బరికి రూగోస్ తెల్లదోమ పట్టిన తోటల్లో ఈ పనితనం ఇంకా అక్కరకొస్తుంది. దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2016లో. ఆకు అడుగున తెల్లటి మైనపు పొడితో సుడులుగా గుడ్లు పెడుతుంది, కింది ఆకులమీద మసి పడుతుంది. నిపుణులకి వాట్సాప్‌లో చూపించాలంటే మసి పట్టిన పైభాగం ఒక్కటే పంపితే చాలదు. ఆకుని తిరగేసి, ఈనె పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఫ్లాష్ ఆపేసి, వాలు ఎండలో తీయాలి.